చందనము పూసిన లెక్కలు

సింహాచలమున వైశాఖ శుద్ధ తదియనాడు వరాహ లక్ష్మీనృసింహస్వామి నిజరూపముతో దర్శనమిచ్చును. సంవత్సరమున తక్కిన దినములందు స్వామి చందనపు పూత లోపలనే ఉండును. నిజరూపము చూపిన నాటి రాత్రియే మరల మూడు మణుగుల చందనము సమర్పింతురు. పిమ్మట వైశాఖ, జ్యేష్ఠ, ఆషాఢ పూర్ణిమలందు తడవకు మూడు మణుగుల చొప్పున పూత పూర్తియగును. ఉగ్రమూర్తిని చల్లబరచుటకు ఈ పద్ధతి ఏర్పడినదని పెద్దలు చెప్పుదురు.

ఆ నిజరూప దర్శనమునకై మేము పెక్కుమారులు వరుసలో నిలిచినవారము. నాలుగైదు గంటలు ఎండలో నిలుచున్నవానికి దైవచింతన కలుగునని కొందరందురు. మా అనుభవము వేరు. ముందున్నవారి మాటలే చెవిని పడును. ఒకమారు మా ముందు నిలిచిన వర్తకుడొకడు తన ప్రక్కనున్న ఆడిటరుగారితో, “స్వామికి ఏడాదికి ఒక్కరోజు పూత తీస్తారు బాబూ. మా పద్దులకి ఆ ఒక్కరోజే పూత పూస్తారు, మార్చి ముప్పయ్యొకటిన” అనెను. చుట్టునున్నవారు నవ్విరి. ఆడిటరుగారు మాత్రము నవ్వలేదు.

ఆనాటినుండి ఆ మాట మమ్ము విడువలేదు. వ్యాపార చరిత్రయందు ఎచ్చట ఒక గొప్ప సంస్థ కూలినదని చదివినను, పూత ఎవరు పూసిరి, ఎన్ని మణుగులు పూసిరి, అది రాలిన దినమేది అని వెదకుట మాకు అలవాటయినది. ఇందులకు మేము దూరము పోనక్కరలేదు. సింహాచలము కొండనుండి పగలంతయు నడువగలిగినంత దూరములో, మూడున్నర శతాబ్దుల వ్యాపార విజ్ఞానమును, అవివేకమును ఇసుకలో, సముద్రములో, ఇనుములో నిక్షిప్తమై ఉన్నవి.

కొండమీదనే మొదలుపెట్టుదము. ఆలయపు గోడలపైనను స్తంభములపైనను వందలకొలది శాసనములున్నవి. 1098 నాటి కులోత్తుంగ చోళుని కాలపు శాసనము వానిలో మిక్కిలి ప్రాచీనమైనది. 1516 లోను 1519 లోను వచ్చిన శ్రీకృష్ణదేవరాయల దానములును అచ్చటనే చెక్కబడినవి. చాల శాసనములు చూడబోయిన జమాఖర్చు పద్దులే. ఫలానావాడు అఖండదీపమునకై ఇంత ఇచ్చెను, అందులకు బదులుగా ఆలయము ఫలానా పని ఎల్లకాలము జరుపవలెను, సాక్షి సూర్యచంద్రులు. ఈ ఆవర్జాలో ఒక సుగుణమున్నది. ఇందులో ఒక అంకెను దిద్దవలెనన్నచో ఉలి కావలెను, ఉలి చప్పుడు కొండంతయు వినబడును. కాగితము వచ్చిన పిమ్మట ఆ చప్పుడు లేకుండ పోయినది.

కాగితముతో వ్యాపారము చేసినవారిలో అగ్రగణ్యులు డచ్చివారు. భీమునిపట్టణమునకు పోయినవారు సముద్రపుటొడ్డున వారి సమాధులను చూచియే ఉందురు. కోరుగా నిలిచిన ఆ రాళ్లమీద పేర్లు, పుట్టినరోజులు, పోయినరోజులు అన్నియు శ్రద్ధగా చెక్కియున్నవి. చచ్చినవారి లెక్కలు అంత నిక్కచ్చిగా వ్రాసిన ఆ కంపెనీ, బ్రతికినవారి లెక్కలు అట్లు వ్రాసియుండినచో ఈనాటి మన ప్రసంగమునకు పని ఉండెడిది కాదు.

డచ్చి తూర్పు ఇండియా కంపెనీ 1602 లో పుట్టినది. వాటాలు అమ్మి, వాటాదారులకు డివిడెండ్లు పంచి, వాటాలను బజారులో చేతులు మార్చు పద్ధతిని లోకమునకు నేర్పినది అదియే. మన తీరమున వారికి కావలసినది బట్ట. తెలుగు సాలెవారు నేసిన నూలుబట్టను, అద్దకపు బట్టను ఇచ్చట కొని, తూర్పు దీవులకు తీసికొనిపోయి, అచ్చట లవంగములకును జాజికాయలకును మార్చి, వానిని యూరపులో పదింతలకు అమ్మిరి. తూర్పు దీవులవారు డచ్చి వెండికంటె మన బట్టనే ఎక్కువ ఇష్టపడిరి. కనుక మచిలీపట్టణమున 1605 లో కాలుపెట్టిన వారు క్రమముగా భీమిలి దాక వచ్చి కోట కట్టుకొనిరి. ఎత్తుగడ చక్కనిదే. దాదాపు నూరేండ్లు అది ధనమును గుమ్మరించినది.

ఇక అవివేకమున్నది. ఆ కంపెనీని నడిపినవారు 17 మంది పెద్దలు. వారు హాలెండులో కూర్చుండెడివారు. ఆసియాలో జరుగు వ్యాపారపు పద్దులు బతావియాలో వేరుగా ఉండెను. స్వదేశపు పద్దులు వేరుగా ఉండెను. ఈ రెండు పుస్తకములను కలిపి ఒక్క నిల్వ తీసిన దినము ఆ కంపెనీ జీవితకాలములో లేదు. అనగా రెండు శతాబ్దుల పాటు తాము లాభములో ఉన్నామో నష్టములో ఉన్నామో వారికి నిక్కముగా తెలియదు. తెలిసినదొక్కటే: డివిడెండు పంచవలెను. 18వ శతాబ్దిలో లాభము తగ్గినను డివిడెండు తగ్గలేదు. చేతిలో లేనపుడు అప్పు తెచ్చి పంచిరి. డివిడెండు వచ్చుచున్నది గనుక కంపెనీ బాగున్నదని వాటాదారులు నమ్మిరి. వాటాదారులు నమ్ముచున్నారు గనుక కంపెనీకి అప్పు పుట్టుచుండెను. మన పల్లెలలో పెద్దకాపు ఇల్లు పడిపోవుచున్నను పెండ్లి భోజనములలో అప్పడము తగ్గనీయడు, ఇదియు అట్టిదే.

జీతముల సంగతి మరియొక వింత. డచ్చి కంపెనీ తన నౌకరులకు అతి స్వల్పమైన జీతమిచ్చెడిది. పొదుపు అని పెద్దలు సంతసించిరి. కాని ఆ స్వల్పజీతగాండ్రే పది పదునైదేండ్లలో ధనికులై స్వదేశమునకు మరలుచుండిరి. కంపెనీ ఓడలో కంపెనీ సరుకుతోపాటు గుమాస్తాగారి సొంత సరుకును ప్రయాణము చేసెడిది. ఏది తడిసినను తడిసినది కంపెనీ సరుకే అయ్యెడిది. వారి భాషలో కంపెనీ పేరు మూడక్షరముల పొడి ముద్ర. ‘అవినీతి అడుగున అణగిపోయినది’ అను అర్థము వచ్చునట్లు ఆ మూడక్షరములనే వారి దేశస్థులు పిమ్మట విడదీసి నవ్విరి.

1780లో ఇంగ్లండుతో యుద్ధము వచ్చినది. ఓడలు చిక్కినవి, సరుకు ఆగినది, పూత రాలినది. భీమిలి కోట 1781 లో ఇంగ్లీషువారి చేతబడెను. 1799 డిసెంబరు 31తో కంపెనీయే రద్దయినది. పదికోట్ల గిల్డర్లకు మించిన అప్పును డచ్చి ప్రభుత్వము నెత్తిన పెట్టుకొనవలసి వచ్చెను. భీమిలి మాత్రము చేతులు మారి మారి, 1824 నాటి సంధిని అనుసరించి, 1825 లో కడపటిసారిగా ఇంగ్లీషువారి వశమయ్యెను. కంపెనీ కన్నుమూసిన పావు శతాబ్దికి గాని దాని శాఖ మూతపడలేదన్నమాట. ప్రధాన కార్యాలయపు మరణవార్త శాఖలకు ఆలస్యముగా చేరుట నేటికిని వాడుకలోనే ఉన్నది.

ఇంగ్లీషువారి కంపెనీ ఇంతకంటె తెలివిగలదని భావింపరాదు. బెంగాలులో 1770 నాటి కరవున జనము లక్షోపలక్షలుగా చచ్చుచుండగా, ఆ కంపెనీ డివిడెండును నూటికి పన్నెండున్నరకు పెంచెను. 1772 లో ఖజానా ఖాళీయై ప్రభుత్వమును అప్పడిగెను. మరుసటి సంవత్సరము పదునాలుగు లక్షల పౌనుల అప్పు లభించెను. మిగిలిపోయిన తేయాకును అమెరికాలో అమ్ముకొనుటకు చట్టమును లభించెను. ఆ తేయాకు బోస్టను రేవులో ఏమైనదో, తరువాత అమెరికా ఏమైనదో శ్రోతలు ఎరుగుదురు. ఒక కంపెనీని కాపాడబోయి ఒక ఖండమును పోగొట్టుకొనిన ఘనత చరిత్రలో ఆ పార్లమెంటుదే.

ఇక మన తాతల కాలమునకు వత్తము. విశాఖపట్టణము జిల్లాలో 19వ శతాబ్దిలో ఆర్బత్‌నాట్ కంపెనీ అను పేరు తెలియనివారు లేరు. మద్రాసు కేంద్రముగా ఉన్న ఈ సంస్థ నీలిమందు కాచెను, చక్కెర చేసెను, పాలకొండ తాలూకానే దశాబ్దుల పాటు గుత్తకు తీసికొని శిస్తు వసూలు చేసెను. ఆనాటి రైతునకు దొరతనమునకును ఆర్బత్‌నాట్‌కును భేదము అంతగా తెలిసియుండదు. మద్రాసులో దాని బ్యాంకి ఇంతకంటె గొప్పది. పింఛనుదార్లు, వకీళ్లు, జమీందారులు, చిన్న ఉద్యోగులు తమ మిగులు సొమ్మును అందులో వేసిరి. ప్రభుత్వపు పత్రములకంటె ఎక్కువ వడ్డీ ఇచ్చుచుండెను. అంతకంటె ముఖ్యము, దాని పెద్ద సర్ జార్జి ఆర్బత్‌నాట్ ‘సర్’ బిరుదు గలవాడు, దొరతనములో పలుకుబడి గలవాడు.

1906 అక్టోబరు 20న లండనులో ఆ సంస్థ భాగస్వామి మాక్‌ఫాడియన్ భూగర్భ రైలు క్రింద పడి ప్రాణము తీసికొనెను. 22వ తేదీ సోమవారమున మద్రాసులో బ్యాంకి తలుపులు తెరువబడలేదు. దాదాపు ఏడువేలమంది ఋణదాతలు. పదిలక్షల పౌనుల బాకీ. విచారణలో తేలినదేమనగా, సంస్థ దివాలా ఆనాటిది కాదు, ఎన్నో ఏండ్లనాటిది. లండనులో గనులు మొదలగు సాహసములందు సొమ్ము పోయినది. పోయినదని ఒప్పుకొనుటకు మనసొప్పక క్రొత్త డిపాజిట్లతో పాత కంతలు పూడ్చుచు వచ్చిరి. కంత లోతయిన కొలదిని డిపాజిట్లు ఎక్కువ కావలసి వచ్చినవి. సర్ జార్జికి 18 నెలల కఠిన శిక్ష పడెను. ‘సర్’ జైలుకు పోగలడా అని ఆనాడు మద్రాసులో ఆశ్చర్యపడనివారు లేరు. సొమ్ము పోయినందుకంటె కొందరికి ఈ ఆశ్చర్యమే పెద్దదై ఉండునని మా అనుమానము.

ఇంతటి పెద్ద పతనము వలన ఒక మేలు కలిగినది. మన సొమ్మును మనమే దాచుకొనరాదా అను ప్రశ్న పుట్టినది. ఋణదాతల పక్షమున నిలిచిన వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారి కృషితో 1907 ఆగస్టు 15న ఇండియన్ బ్యాంకి తలుపులు తెరచినది. బందరులో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు 1923 నవంబరులో లక్షరూపాయల చెల్లించిన మూలధనముతో ఆంధ్రా బ్యాంకిని స్థాపించిరి. ఆ బ్యాంకి మునుగలేదు, దివాలా తీయలేదు, 1980 లో జాతీయమై, 2020 ఏప్రిలు 1న మరియొక బ్యాంకిలో కలిసి పేరును మాత్రము పోగొట్టుకొనినది. మునిగినవాని పేరు చరిత్రలో నిలిచి, ఈదినవాని పేరు బోర్డుమీదనుండి తొలగుట వ్యాపారములోని వింతలలో ఒకటి.

ఆర్బత్‌నాట్ కథ మన మేనమామల తరము వారు చదివియుండవలసినది. మేము హైస్కూలులో చదువుకొను దినములలో మా మేనమామగారు, తపాలా శాఖలో పనిచేసి విరమించినవారు, పట్టణములోని ఒక ఫైనాన్సు కంపెనీలో తన గ్రాట్యుటీ అంతయు వేసిరి. వడ్డీ నూటికి ముప్పది. కార్యాలయమునకు అద్దపు తలుపులు, లోపల చల్లని గాలి, గోడకు నిలువెత్తు దేవుని పటము. “అంత వడ్డీ ఎక్కణ్ణుంచి వస్తుంది మావయ్యా?” అని మా నాయనగారి మాటను మేము చిలుకవలె వల్లించితిమి. ఆయన కోపపడలేదు. “ఊరంతా వేస్తున్నార్రా. ఊరంతటికీ తెలివి లేదా?” అనిరి. ఇంతకంటె బలమైన వాదమును మేము నేటివరకు ఏ అర్థశాస్త్ర గ్రంథములోను చూడలేదు. ఆరునెలలకు అద్దపు తలుపునకు తాళము పడినది. తలుపు ముందు మూగినవారిలో మా మామగారు వెనుక వరుసలో నిలిచియుండిరి. ఎవరైన తెలిసినవారు చూతురేమో అని కండువా తలకు చుట్టుకొనిరి. ఆయన పోయిన పిమ్మట పెట్టెలో ఆ రసీదులు దొరికినవి. తేదీల వరుసలో, దారముతో కుట్టి, తపాలావారి శ్రద్ధతో కట్టియుంచిరి.

మోసపోయినవాడు ఎందులకు సిగ్గుపడును, మోసగించినవాడు ఎందులకు పడడు అను ప్రశ్నకు మాకు సమాధానము తెలియదు. కాని పూత పూయువాని మనసును కొంత ఊహింపవచ్చును. అందులకు మన తెలుగువారి ఉదాహరణమే ఉన్నది.

హైదరాబాదులో 1987 లో పుట్టిన సత్యం కంప్యూటర్సు సంస్థ ఇరువదేండ్లలో దేశములోని నాలుగవ పెద్ద సాఫ్ట్‌వేరు సంస్థ అని పేరుపొందెను. గోదావరి జిల్లాల ఇండ్లలో కుమారునకు ‘సత్యము’లో ఉద్యోగము వచ్చినదన్నచో సంబంధము కుదిరినట్లే. 2008 లో సంస్థ పాలన చక్కగా జరుపుచున్నదని దానికి అంతర్జాతీయ బహుమానమును వచ్చెను. 2009 జనవరి 7న దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు తన డైరెక్టర్లకొక లేఖ వ్రాసెను. పద్దులలో చూపిన నగదు, బ్యాంకి నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవనియు, ఒక త్రైమాసికమున 649 కోట్లు అని చూపిన లాభము నిజమునకు 61 కోట్లే అనియు అందులో ఒప్పుకొనెను. నూటికి ఇరువదినాలుగు అని వ్రాసినచోట ఉన్నది మూడు. ఇది పులిమీద స్వారివంటిదనియు, తినబడకుండ దిగుట ఎట్లో తెలియకపోయెననియు ఆయనే వ్రాసెను. మన సామెత ఆయనకు తెలిసియుండవలెను.

ఈ పులి ఎట్లు పెరుగునో కొంచెము విడమరచి చెప్పవలెను. పది రూపాయల లాభము వచ్చిన సంవత్సరమున పదునైదని వ్రాసితిమనుకొనుడు. లేని అయిదు రూపాయలు ఎచ్చటనో ఉన్నట్లు చూపవలెను గదా. బ్యాంకులో ఉన్నవని వ్రాసితిమి. బ్యాంకులో ఉన్న సొమ్మునకు వడ్డీ రావలెను. రాని వడ్డీని వచ్చినట్లు వ్రాసితిమి. మరుసటి సంవత్సరము లాభము పదునైదుకంటె హెచ్చు ఉండవలెను, లేకున్న వాటా ధర పడును, కనుక ఇరువది. ఇంతలో లేని లాభముపై ఉన్న పన్ను కట్టవలసి వచ్చును. ఒక్కొక్క అబద్ధమునకు ఒక్కొక్క గుమాస్తాను నియమింపవలెను. నిజము చెప్పువానికి ఇంత పని ఉండదు. మొదటి సంవత్సరమున ‘ఈసారి పది మాత్రమే వచ్చినది’ అని ఒక్కమాట అనియుండినచో వాటా ధర కొంత పడెడిది, కొన్ని పత్రికలు విమర్శించెడివి, ఆ పైని మరచెడివి.

చివరకు కంతను పూడ్చుటకొక ఉపాయము పన్నిరి. సత్యము అను పేరును ఇంగ్లీషు అక్షరములలో వెనుకనుండి ముందునకు చదివిన ‘మేటాస్’ అగును. ఆ పేరుతో కుటుంబమునకు స్థలముల వ్యాపారము, నిర్మాణ వ్యాపారము ఉండెను. 2008 డిసెంబరు 16న ఈ రెండు సంస్థలను 160 కోట్ల డాలర్లకు సత్యము కొనునని ప్రకటించిరి. పుస్తకములోని లేని సొమ్ముతో బయటనున్న భూములు కొనినచో, లేనిది మాయమై ఉన్నది మిగులును. ఉపాయము చమత్కారమైనదే, కాదనము. కాని వాటాదారులు ఒక్క రాత్రిలో గగ్గోలు పెట్టగా దానిని మానుకొనవలసి వచ్చెను. పేరును తిరగవేసినంత సులభముగా పద్దును తిరగవేయుట సాధ్యపడలేదు. 2015 ఏప్రిలులో హైదరాబాదు న్యాయస్థానము ఏడేండ్ల శిక్ష విధించెను. అప్పీలుపై ఆ శిక్ష అమలు నిలిచెను. సంస్థ మాత్రము 2009 లోనే వేరొకరి చేతికి పోయి, ఉద్యోగులలో ఎక్కువమంది అచ్చటనే పనిచేసిరి. పద్దులు అబద్ధమయినను వారి పని అబద్ధము కాదు. దానిని కొనినవారు కొనినది ఆ పనినే.

ఇంతవరకు దాచిన నష్టముల మాట. విశాఖ రేవునకు వచ్చినచో దాచని నష్టములు కనబడును.

ముందుగా ఒక చిన్న సంగతి. 1933 లో తెరచిన ఈ రేవునకు ద్వారము కట్టునపుడు, అలలతో వచ్చు ఇసుకనుండి ఓడల త్రోవను కాపాడుట యెట్లని ఇంజనీర్లు తలపట్టుకొనిరి. డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున జానస్, వెల్లెడ్సన్ అను రెండు పాత ఓడలను తెచ్చి, రాళ్లు నింపి, కావలెననియే ముంచిరి. అవియే అలలకు అడ్డుకట్టయై నిలిచినవి. ఓడను ముంచి లాభము పొందిన వ్యాపారము మాకు తెలిసినంతలో ఇదొక్కటే. ఇందులోని రహస్యము, ముంచువారు ముంచుచున్నామని ముందుగానే చెప్పుట.

ఆ రేవు లోపల సింధియా నౌకా సంస్థ ఓడల కర్మాగారము పెట్టినది. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ ప్రభృతులు 1919 లో స్థాపించిన ఆ సంస్థ మొదటి ఓడ ‘లాయల్టీ’ ఆ సంవత్సరము ఏప్రిలు 5న బొంబాయినుండి లండనుకు బయలుదేరెను. ఇంగ్లీషు ఓడల సంస్థలు ఛార్జీలను నేలకు దించి దీనిని తరుమజూచినవి. పరదేశమున కొనిన ఓడలతో ఎంతకాలము? మనమే కట్టవలెనని వాల్‌చంద్ నిశ్చయించెను. కలకత్తాలో తగిన స్థలము దొరకనీయలేదు. విశాఖలో 1941 జూను 21న బాబూ రాజేంద్రప్రసాద్‌గారు పునాది వేసిరి. పది నెలలు తిరుగకముందే 1942 ఏప్రిలు 6న జపానువారి బాంబులు విశాఖపై పడినవి. యంత్రములు తరలిపోయినవి. యుద్ధము ముగిసిన పిమ్మట మరల తెచ్చిరి. 1948 మార్చి 14న ప్రధాని నెహ్రూగారి చేతులమీదుగా ఎనిమిదివేల టన్నుల ‘జలఉష’ నీటిలోకి జారినది.

ఇది సాహసమా, అవివేకమా? లెక్క చూచినచో అవివేకమే. ఇచ్చట కట్టిన ఓడకు ఇంగ్లండులో కొనిన ఓడకంటె ఖర్చు ఎక్కువ. ఉక్కు బయటినుండి రావలెను, ఇంజను బయటినుండి రావలెను, పనివాండ్రు ఇచ్చటనే నేర్చుకొనవలెను. నష్టము ఎంతయో అందరును చూచిరి, పార్లమెంటులో చర్చించిరి. 1952 లో ప్రభుత్వము మూడింట రెండువంతుల వాటా తీసికొని హిందుస్తాన్ షిప్‌యార్డు అని పేరుపెట్టినది. 1961 లో మొత్తము తీసికొనినది. ఆ సంస్థ ఎన్నో ఏండ్లు నష్టములలోనే నడిచి, 2010 లో రక్షణ శాఖ క్రిందికి పోయినది. సింధియా సంస్థ 1980 దశాబ్దిలో అప్పులపాలై ఓడల వ్యాపారమునుండియే తప్పుకొనినది. ఇంతకును, జలఉషను కట్టుటలో చేయి తిరిగినవారి బిడ్డలు, మనుమలు నేటికిని ఈ తీరమున ఓడలు కట్టుచు, బాగుచేయుచు జీవించుచున్నారు. ఈ పద్దు ఏ ఆడిటరును వ్రాయలేదు. వ్రాయుట ఎట్లో మాకును తెలియదు.

ఉక్కు కర్మాగారపు కథ ఇంతకంటె బరువైనది. దాని కొరకు 1966 లో అమృతరావుగారు నిరశన వ్రతము పట్టిరి. ఆ ఉద్యమములో 32 మంది ప్రాణములు కోల్పోయిరి. 1971 జనవరి 20న ఇందిరాగాంధీగారు పునాది వేసిరి. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావుగారు జాతికి అంకితము చేసిరి. పునాదికిని ప్రారంభమునకును నడుమ ఇరువదియొక్క ఏండ్లు. ఈ ఆలస్యములో అంచనా వ్యయము ఎన్నిమారులు పెరిగినదో, వడ్డీ ఎంత పోగయినదో, కొలిమి వెలుగకముందే కర్మాగారము అప్పులో పుట్టినది.

అంతకంటె విచిత్రమైన సంగతి వేరొకటి. బైలదిల్లా కొండలనుండి ఇనుపరాయి మోసుకొనివచ్చు రైళ్లు కొత్తవలస దాటి సింహాచలము మీదుగానే పోవును. జపానునకు ఆ రాతిని పంపుటకై 1960 దశాబ్దిలో ఆ రైలుదారి వేసిరి. 1976 లో పెద్ద ఓడల కొరకు బయటి రేవును కట్టిరి. ఇనుము కొండనుండి సముద్రము దాక మన కండ్లముందే పోవుచుండగా, ఆ దారి చివర కట్టిన ఉక్కు కర్మాగారమునకు స్వంత ఇనుప గని మాత్రము ఇయ్యలేదు. తక్కిన పెద్ద ఉక్కు సంస్థలు తవ్వుకొనుచుండగా ఇది బజారు ధరకు కొనుక్కొనవలెను. పెరుగు అమ్మువాని ఇంట పాలు కొనుక్కొని మజ్జిగ చేయుమన్నట్లున్నది. ఉక్కు ధర హెచ్చిన ఏండ్లలో లాభములు వచ్చినవి. 2010 లో నవరత్న హోదా వచ్చెను. ధర తగ్గిన ఏండ్లలో నష్టములు వచ్చినవి. 2023–24 లో అవి 4,800 కోట్లు దాటినవి. 2021 జనవరిలో పూర్తిగా అమ్మివేయుదమని కేంద్రము నిర్ణయించెను, కార్మికులు వీధికెక్కిరి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించిరి. గని మాట ఆ ప్రకటనలో లేదు.

అబద్ధపు లాభమునకు బహుమానము వచ్చినది. నిజమైన నష్టమునకు అమ్మకపు చీటి కట్టిరి. ఆర్బత్‌నాట్ బ్యాంకి తలుపు మూయు దినము వరకు జనము నమస్కరించిరి. ఈ కర్మాగారము ఏ దినము లెక్క ఆ దినము చూపుచు వచ్చినది, ఏ దినమునకాదినము తిట్లు తినినది. అందులో నిర్వాహకుల తప్పులు లేవని మేము అనుట లేదు, కలవు. కాని చూపిన తప్పును దిద్దవచ్చును. కొలిమికి రాయి ఎచ్చటనుండి వచ్చునను ప్రశ్నను వేయుటకు ధైర్యము కావలెను. ఆ ధైర్యము పద్దులలో దొరకదు.

ఆ కర్మాగారములోని మూడు కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఎవరు పెట్టిరో గాని మంచి పేర్లు పెట్టిరి.

మొన్న దర్శనము చేసికొని కొండ దిగి, పనిమీద గాజువాక పోవలసి, రేవువైపునుండి పోవు బస్సు ఎక్కితిమి. మా ప్రక్కన ఒక ముసలమ్మ చందన ప్రసాదపు పొట్లమును కొంగున ముడివేసికొని కూర్చుండెను. కండక్టరు “సింధియా! సింధియా దిగేవాళ్లు రండి” అని కేకవేసెను. ఆ ఓడల సంస్థ పేరు ఈనాడు బస్సులు ఆగు చోటుగా మిగిలినది. ముసలమ్మ లేచుచు, “సింధియా అంటే ఎవరు బాబూ? ఏదైనా దేవతా?” అని అడిగెను. కండక్టరు ఆలోచించి, “కంపెనీ పేరమ్మా, ఓడలు కట్టేది” అనెను.

“కట్టిందా మరి?”

“కట్టిందమ్మా” అని అతడు ఈల ఊదెను.